కొందరి బలహీనత

తెలుగు క్రైస్తవుల మాటల్లో ‘బల్ల’ అంటే ఒట్టి చెక్కబల్ల కాదు, ప్రభువు బల్ల. ‘ఈ ఆదివారం బల్ల ఉంది’ అంటారు. ఒక రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం, దాన్ని పంచుకున్నవాళ్లందరూ ఒకే శరీరమన్న నమ్మకం. చర్చితో ఏ పరిచయమూ లేనివాళ్లకి ఈ వ్యాసం అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు. అక్కడ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరి తర్వాత ఎవరు తాగారు అన్నది మర్యాదల గొడవ కాదు, సిద్ధాంతం. దక్షిణాఫ్రికాలో అపార్థైడ్‌కి చర్చి లోపల పునాది పడింది ఈ బల్ల దగ్గరే. దాన్ని చర్చి లోపలినుంచే కూల్చాలన్న ప్రయత్నమూ తిరిగి తిరిగి ఈ బల్ల దగ్గరికే వచ్చింది.

డచ్ రిఫార్మ్‌డ్ చర్చి అక్కడ 1652 నాటిది. డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలు కేప్ తీరంలో లంగరేసినప్పుడు వాటితోపాటే దిగింది. కంపెనీ ఉద్యోగులు, వలస రైతులు, బాప్తిస్మం పొందిన కొందరు బానిసలు, స్థానిక ఖోయ్‌ఖోయ్ ప్రజల్లో కొందరు, వీళ్లంతా కలిసి ఆ చర్చి. (ఆ కేప్ బానిసల్లో మన కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కించి తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలో భారతీయుల కథ గాంధీతోనో చెరకు తోటలతోనో మొదలవుతుందని మనం అనుకుంటాం గానీ, అంతకన్నా చాలా ముందునుంచీ ఉంది.) 1829లో సోమర్సెట్ వెస్ట్ అనే ఊరి సంఘం నుంచి ఒక ప్రశ్న పైకి వచ్చింది. తెల్లవాడు కాని ఒక సభ్యుడు మిగతావాళ్లతో కలిసి బల్లలో పాలుపొందవచ్చా? కేప్ సినడు, అంటే ఆ చర్చి మహాసభ, స్పష్టంగా జవాబు చెప్పింది. రంగును బట్టీ పుట్టుకను బట్టీ తేడా లేదు, అందరూ కలిసే తీసుకోవాలి. పైగా ఇది కూర్చుని చర్చించాల్సిన విషయమే కాదు, వాక్యం ఎప్పుడో తేల్చేసిన సంగతి అంది.

ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. ఈలోగా బానిసత్వం రద్దయింది. మిషనరీల పని పెరిగింది. చర్చిలోకి కొత్తగా వస్తున్నవాళ్లలో తెల్లవాళ్లు కానివాళ్లు ఎక్కువయ్యారు. ఒకరిద్దరున్నప్పుడు భరించగలిగిన సమానత్వం, వందలమంది వచ్చేసరికి బరువైంది. తూర్పున స్టాకెన్‌స్ట్రోమ్ సంఘంలో తెల్ల రైతులు తమకు బల్ల విడిగా కావాలని అడిగారు. ఆ గొడవ నానుతూ నానుతూ 1857 సినడు ముందుకొచ్చింది.

ఆ సినడు చేసిన తీర్మానం ఒకే ఒక్క వాక్యం. ఈ కథంతా అందులోనే ఉంది. మొదటి సగం 1829 నాటి మాటే చెబుతుంది: అన్యజనుల్లోంచి వచ్చిన మన సభ్యులు వీలైన ప్రతిచోటా మన సంఘాల్లోనే కలవడం మంచిది, అదే వాక్యానుసారం. ఆ తర్వాత ‘కానీ’ వస్తుంది. ‘కొందరి బలహీనత’ వల్ల ఈ పద్ధతి సువార్త పనికి అడ్డమయ్యేచోట, వాళ్లు తమ క్రైస్తవ హక్కుల్ని వేరే భవనంలో అనుభవించవచ్చు.

ఎంత జాగ్రత్తగా రాశారో చూడండి. ఎక్కడా ద్వేషం లేదు. నల్లవాళ్లు తక్కువవాళ్లని లేదు. సిద్ధాంతాన్ని ముట్టుకోలేదు. పైగా తెల్లవాళ్ల అయిష్టాన్ని ‘బలహీనత’ అని ఒప్పుకుంటోంది కూడా. ఇది మినహాయింపు మాత్రమే, కొన్నిచోట్ల, కొన్నాళ్లు. నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. ‘ప్రస్తుతానికి ఇలా కానిద్దాం, తర్వాత సరిచేద్దాం’ అని ఎవరో పెట్టిన ఒక షరతు చుట్టూ పదేళ్లలో ఒక సిస్టమ్ మొత్తం పెరిగిపోవడం, చివరికి ఆ షరతే సిస్టమ్ అయిపోవడం చాలాసార్లు చూశాను. 1857లో జరిగింది అదే. మినహాయింపు ఒక తరంలో అలవాటైంది, రెండో తరంలో చట్టమైంది, మూడో తరానికి దేవుడి చిత్తం అయింది.

‘బలహీనత’ అన్న మాట ఊరికే పడలేదు. అది పౌలు మాట. విగ్రహాలకు అర్పించిన మాంసం తినొచ్చా లేదా అని కొరింథు సంఘంలో గొడవొస్తే పౌలు ఇచ్చిన సలహా అది. నీ మనస్సాక్షి గట్టిదే కావచ్చు, కానీ పక్కవాడి మనస్సాక్షి బలహీనమైతే వాడికోసం నువ్వు నీ హక్కు వదులుకో అన్నాడు. అంటే బలం ఉన్నవాడు నష్టపోవాలి. 1857 తీర్మానం ఆ మాటను అలాగే తీసుకుని తలకిందులు చేసింది. ఇక్కడ బలహీనులు ఎవరు? భూమి, తుపాకీ, ఓటు, చర్చి పెద్దరికం అన్నీ చేతిలో ఉన్నవాళ్లు. వాళ్ల బలహీనత ఖరీదు ఎవరు కట్టాలి? ఏమీ లేనివాళ్లు. మనకి కొత్తగా అనిపించే తర్కమేమీ కాదు. ‘మాకేం పట్టింపు లేదండీ, మా నాన్నమ్మ ఒప్పుకోదు’ అన్న మాట వినని తెలుగువాడెవడు? ఆ వాక్యంలో కూడా అందరికన్నా బలహీనురాలు నాన్నమ్మే.

ఇంకో చిన్న సంగతి. ఆ రాజీ తీర్మానాన్ని ప్రతిపాదించింది గ్రాఫ్-రీనెట్ పాస్టరు ఆండ్రూ మర్రే. ప్రార్థన మీద పుస్తకాలు రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆండ్రూ మర్రే ఈయన కొడుకు. తండ్రి దుర్మార్గుడేమీ కాదు. సంఘం చీలిపోకూడదని కోరుకున్న మంచి మనిషి. ఈ చరిత్ర చదువుతున్నంతసేపూ నన్ను ఇబ్బంది పెట్టింది ఇలాంటి మంచి మనుషులే.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే అవి దాదాపు వాటంతటవే జరిగాయి. 1881లో ‘కలర్డ్’ అని ముద్రపడిన మిశ్రమ వారసత్వపు ప్రజలకోసం సెండింగ్‌కెర్క్, అంటే మిషన్ చర్చి, విడిగా పెట్టారు. నల్ల ఆఫ్రికన్లకు వేరే చర్చిలు పెట్టి 1963లో వాటన్నిటినీ ఒకటి చేశారు. 1968లో భారతీయులకూ ఒకటి పెట్టారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు వెళ్లిన తమిళుల, తెలుగువాళ్ల మనవలూ మునిమనవలూ ఈ వర్గీకరణలో ‘ఇండియన్’ అన్న గడిలోకి వచ్చారు. వాళ్లలో తెలుగు బాప్టిస్టులది మాత్రం ఇంకో కథ. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు సంఘాలు సొంత డబ్బుతో జాన్ రంగయ్యను మిషనరీగా నటాల్ పంపాయి, కియర్స్‌నీలో సంఘం పెట్టాడు. తెల్లవాళ్లు విడదీసి పెట్టిన సంఘం కాదది, తెలుగువాళ్లు తమంతట తాము వెళ్లి పెట్టుకున్నది. దాని గురించి విడిగా రాయాలి.

1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. ప్రధాని అయిన డి.ఎఫ్. మలాన్ ఒకప్పుడు ఇదే చర్చిలో పాస్టరు. 1949లో మిశ్రమ వివాహాల నిషేధం, 1950లో ఏ రంగువాళ్లు ఏ ప్రాంతంలో ఉండాలో చెప్పే గ్రూప్ ఏరియాస్ చట్టం. ప్రభుత్వం చట్టం చేస్తే చర్చి తలూపిందని మనం ఊహించుకుంటాం. ఇక్కడ వరస తిరగబడింది. విడివిడిగా ఉండటం ఎలాగో చర్చి దాదాపు వందేళ్లుగా ఆచరణలో చూపించింది, అలాంటి చట్టాలు కావాలని అడిగింది కూడా. వేదాంతులు బాబెలు గోపురం కథ తెచ్చారు. మనుషులంతా ఒకచోట చేరి గోపురం కట్టబోతే దేవుడే భాషలు తారుమారు చేసి చెదరగొట్టాడు కాబట్టి జాతులు విడివిడిగా ఉండటం దైవసంకల్పమేనన్నారు. 1974లో ఆ చర్చి సినడు ఆమోదించిన నివేదికలో కూడా ఈ వాదన ఉంది. 1857 నాటి పెద్దలు కనీసం ‘బలహీనత’ అన్నారు. మనవల దగ్గరికొచ్చేసరికి బలహీనత పోయి సృష్టిక్రమం వచ్చి కూర్చుంది.

తెల్ల చర్చి లోపల ఎవరూ నోరెత్తలేదా? ఎత్తారు. బెన్ మరే, బి.బి. కీట్ అనే ఇద్దరు వేదాంత ఆచార్యులు 1950లలోనే అపార్థైడ్‌కి బైబిల్లో ఆధారం లేదని పుస్తకాలు రాశారు. అప్పటికి పెద్దగా ఎవరూ వినలేదు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. ఆ డిసెంబర్లో ప్రపంచ చర్చిల మండలి చొరవతో జోహానెస్‌బర్గ్‌లోని కాటెస్లోలో దక్షిణాఫ్రికా చర్చిల ప్రతినిధులు వారం రోజులు కూర్చున్నారు, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి. వాళ్లు చివర్లో ఇచ్చిన ప్రకటన ఇప్పుడు చదివితే చాలా మెత్తగా ఉంటుంది. క్రీస్తును నమ్మినవాణ్ణి రంగు కారణంగా ఏ చర్చినుంచీ బయట పెట్టకూడదు, మిశ్రమ వివాహాల నిషేధానికి బైబిల్లో ఆధారం లేదు, మనిషి తను ఉండేచోట భూమి కొనుక్కోవచ్చు. అంతే. డచ్ రిఫార్మ్‌డ్ ప్రతినిధులు కూడా దానికి ఒప్పుకున్నారు. ప్రధాని వెర్వోర్డ్‌కి కోపమొచ్చింది. 1961లో ఆ చర్చి సినడులు తమ సొంత ప్రతినిధులు ఒప్పుకున్న ప్రకటనను తిరస్కరించి, ప్రపంచ మండలి నుంచే బయటికొచ్చేశాయి.

ఆ ప్రతినిధుల్లో చాలామంది సర్దుకున్నారు. సర్దుకోనివాడు బేయర్స్ నౌడే. ఆయన ఇంటి చరిత్ర తెలిస్తే గానీ ఇదెంత పెద్ద విషయమో అర్థం కాదు. తండ్రి బ్రూడర్‌బోండ్ స్థాపకుల్లో ఒకడు. అది ఆఫ్రికానర్ల రహస్య సంఘం, దేశంలో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో తెర వెనక తేల్చే సంఘం. నౌడే కూడా పాతికేళ్లకే అందులో సభ్యుడు. పెద్ద సంఘానికి పాస్టరు, రేపో మాపో చర్చిలో అత్యున్నత పదవి ఖాయమన్న పేరు. 1963లో నల్ల, తెల్ల క్రైస్తవులు కలిసి పనిచేసే క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. పాస్టరు హోదా కావాలో ఇది కావాలో తేల్చుకోమంది చర్చి. ఆ సెప్టెంబరులో జోహానెస్‌బర్గ్‌లోని తన సంఘానికి చివరి ప్రసంగం చేశాడు. అపొస్తలుల కార్యాల్లో పేతురు న్యాయసభ ముందు నిలబడి, దేవుడి మాటా మనుషుల మాటా ఎదురుపడినప్పుడు దేన్ని వినాలో చెప్పిన చోటు నుంచి వాక్యం తీసుకున్నాడు. వేదిక దిగి వెళ్లిపోయాడు. 1977 అక్టోబరులో, స్టీవ్ బీకో పోలీసుల చేతిలో చనిపోయిన నెల తర్వాత, ప్రభుత్వం ఇన్‌స్టిట్యూట్‌ని నిషేధించి నౌడే మీద కూడా నిషేధపు ఉత్తర్వు వేసింది. ఒకసారి ఒక్క మనిషితో మించి కలవకూడదు. ఏడేళ్లు అలాగే గడిపాడు. 1980లో తన తెల్ల చర్చిని పూర్తిగా వదిలి నల్లవాళ్ల చర్చిలో చేరాడు.

నౌడే కథ నాకు చాలా ఇష్టం, అందుకే అనుమానం కూడా. వివక్షకు వ్యతిరేకంగా జరిగిన పోరాటాల గురించి చదివేటప్పుడు మన చేయి తెలియకుండానే అవతలి ఒడ్డునుంచి దాటి వచ్చిన మనిషి వైపు వెళ్తుంది. వదులుకోవడానికి ఏదో ఉన్నవాడి త్యాగం కథగా బాగుంటుంది. వదులుకోవడానికి ఏమీ లేనివాళ్లు ఏం చేశారన్నది మసకగా మిగిలిపోతుంది. ఈ చర్చి విషయంలో అసలు పని చేసింది వాళ్లే, వేరే భవనంలో కూర్చోబెట్టబడినవాళ్లు.

వాళ్ల పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. సెండింగ్‌కెర్క్‌లో పాస్టర్లు చాలామంది తెల్లవాళ్లు, జీతాలకూ భవనాలకూ చాలావరకు తెల్ల చర్చి డబ్బే ఆధారం. ఆ చర్చి పుట్టుకే అవమానం. మరి వదిలేసి పోవచ్చుగా? అమెరికాలో నల్లవాళ్లు అలా బయటికొచ్చి సొంత మెథడిస్టు చర్చిలు పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికాలోనూ స్వతంత్ర చర్చిలు బోలెడు. కానీ వీళ్లలో కొందరు వేరే దారి పట్టారు. ఈ రిఫార్మ్‌డ్ సంప్రదాయం మీ సొత్తు కాదు, మాది కూడా. దాన్ని పాడుచేసింది మీరు. మేమెందుకు వెళ్లాలి? 1974లో నల్ల, కలర్డ్ పాస్టర్లు బ్రూడర్‌క్రింగ్ అనే బృందంగా కూడారు. అలన్ బూసాక్ అనే కుర్ర పాస్టరు హాలండ్ వెళ్లి 1976లో నల్ల వేదాంతం మీద డాక్టరేట్ తెచ్చుకున్నాడు. 1978లో సెండింగ్‌కెర్క్ సినడు అపార్థైడ్ సువార్తకు విరుద్ధమని తీర్మానించింది.

తర్వాత 1982 ఆగస్టు, కెనడాలోని ఒట్టావా. ప్రపంచ రిఫార్మ్‌డ్ చర్చిల కూటమి మహాసభ. తెల్ల డచ్ రిఫార్మ్‌డ్ చర్చీ సభ్యురాలే, సెండింగ్‌కెర్కూ సభ్యురాలే. సభలో బల్ల ఆరాధన. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన నల్ల, కలర్డ్ ప్రతినిధుల్లో కొందరు లేచి, మేము ఇందులో పాలుపొందం అన్నారు. ఇంటి దగ్గర మాతో ఒక బల్ల దగ్గర కూర్చోనివాళ్లతో, విమానమెక్కి ఇంత దూరం వచ్చాక కూర్చుంటే అది అబద్ధం అవుతుంది అన్నారు.

నూట యాభై ఏళ్ల గొడవ ఒక్క క్షణంలో తిరగబడిన చోటు ఇది. 1857 నుంచీ బల్ల దగ్గరినుంచి ఎవరు లేవాలో తెల్లవాళ్లే నిర్ణయించారు. ఈసారి లేచినవాళ్లు వీళ్లు. అరుపులు లేవు, బ్యానర్లు లేవు, రొట్టె తీసుకోలేదు, అంతే. చర్చి భాషలో అంతకన్నా గట్టి మాట లేదు. ఆ సభ అపార్థైడ్‌ని పాపమనీ, దాన్ని వేదాంతంతో సమర్థించడం దుర్బోధ అనీ ప్రకటించింది. రెండు తెల్ల చర్చిల సభ్యత్వాన్ని నిలిపేసింది. బూసాక్‌ని కూటమి అధ్యక్షుడిగా ఎన్నుకుంది, ఆయనకు అప్పటికి 36 ఏళ్లు. మళ్లీ చేర్చుకోవడానికి పెట్టిన షరతుల్లో మొదటిది: నల్లవాళ్లను ఆరాధనల నుంచి, ముఖ్యంగా బల్ల దగ్గరినుంచి, ఇక బయట పెట్టకూడదు.

‘దుర్బోధ’ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. బయటివాళ్లకి ఇది పాతకాలపు చాదస్తం లాగా వినిపిస్తుంది. అపార్థైడ్ మానవహక్కుల ఉల్లంఘన అంటే సరిపోదా? ఐక్యరాజ్యసమితి ఆ మాట అంటూనే ఉంది, తెల్ల చర్చి పెద్దలు హాయిగా నిద్రపోతూనే ఉన్నారు. కమ్యూనిస్టులు, విదేశీయులు, వాళ్ల మాటకేముంది అనుకున్నారు. కానీ ‘మీ బోధ తప్పు, మీరు కాల్విన్ పిల్లలు కారు’ అని అదే వాక్యం చదివే, అవే కీర్తనలు పాడే, అదే ఆఫ్రికాన్స్ మాట్లాడే మనిషి అంటే అది తగలాల్సిన చోట తగిలింది. లోపల ఉండి పోరాడటంలో ఉన్న లాభం అదే. అవతలివాడు దేన్ని పవిత్రం అనుకుంటాడో నీకు తెలుసు, అది నీది కూడా.

అక్కణ్ణుంచి కథ కేప్ టౌన్ శివార్లలోని బెల్హార్‌కి వస్తుంది. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద కలర్డ్ ప్రజలకు కేటాయించిన పేట అది. ఒట్టావా సభ అయిన కొద్ది వారాలకే సెండింగ్‌కెర్క్ సినడు అక్కడ కూడింది. మోడరేటర్ ఐజాక్ మెంటార్. లాటిన్‌లో ‘స్టాటస్ కన్ఫెషనిస్’ అనే ఒక స్థితి ఉంది. అంటే ఈ విషయంలో ఇక అభిప్రాయభేదాలకు చోటు లేదు, విశ్వాసమే పణంగా ఉంది అని. సినడు దాన్ని ప్రకటించింది. అప్పుడు గుస్తాఫ్ బామ్ అనే ఆచార్యుడు ఒక మాట గుర్తుచేశాడు. ఆ స్థితి ప్రకటించాక ఊరుకోకూడదు, మనం ఏం నమ్ముతామో ఒప్పుకోలు రాయాలి. బామ్, మెంటార్, బూసాక్, యాప్ డురాండ్, డిర్కీ స్మిట్ ఈ ఐదుగురినీ కమిటీగా వేశారు. డురాండ్, స్మిట్ తెల్లవాళ్లు, కలర్డ్ విద్యార్థులకోసం ప్రభుత్వం పెట్టిన వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాళ్లు. మొదటి చిత్తుప్రతి ఎక్కువగా స్మిట్ రాశాడంటారు, ముప్పై దాటిన యువకుడు.

ఈ సంప్రదాయంలో ఒప్పుకోలు అంటే తీర్మానం లాంటిది కాదు. తీర్మానాన్ని ఇంకో తీర్మానం కొట్టేస్తుంది, 1829ని 1857 కొట్టేసినట్టు. ఒప్పుకోలు చర్చికి పునాదిరాయి. వీళ్లు అప్పటిదాకా పాటిస్తున్నవి మూడే. 1561 నాటి బెల్జిక్ ఒప్పుకోలు, 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళి, 1618-19 నాటి డోర్ట్ నిబంధనలు. మూడున్నర శతాబ్దాలుగా ఎవరూ చేయి పెట్టని ఆ వరసలో, వేరే భవనంలోకి పంపబడినవాళ్లు తమ రాయి పెట్టారు.

చిన్న పత్రం అది. ఐక్యత, సమాధానం, న్యాయం ఈ మూడు దాని స్తంభాలు. (క్రైస్తవ తెలుగులో ‘సమాధానపరచడం’ అంటే విడిపోయినవాళ్లను కలపడం. మామూలు తెలుగులో సమాధానం అంటే జవాబు. ఈ పత్రానికి రెండు అర్థాలూ సరిపోతాయి.) అపార్థైడ్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. మనుషుల్ని జాతిని బట్టి బలవంతంగా విడదీయడం గురించి ఉంది, దాన్ని సువార్త పేరుతో సమర్థించే ఏ బోధనైనా తిరస్కరిస్తున్నామని ఉంది. దీనితోపాటు ఒక ఉత్తరం జత చేశారు. నాకు అసలు పత్రంకన్నా ఆ ఉత్తరం ఎక్కువసార్లు గుర్తొస్తుంది. ఇది ఫలానా మనుషుల మీద, ఫలానా చర్చి మీద రాసింది కాదు, ఒక తప్పుడు బోధ మీద రాసింది అంటారు. మేమేమీ తప్పు చేయనివాళ్లమని చెప్పుకోవడం లేదంటారు. విడదీసే కట్టడాలు కూలిపోవాలి, అది అందరికీ నొప్పిగానే ఉంటుంది, అయినా కలిసి నడుద్దాం అంటారు. తమను గెంటినవాళ్లకు రాసిన ఉత్తరంలో ఎంత మర్యాద! ఆ మర్యాద వెనక పట్టుదల కూడా కనిపించాలి. ‘మీ బలహీనత మాకు అర్థమవుతుంది’ అని మాత్రం వాళ్లు ఎక్కడా అనలేదు.

వెంటనే ఆమోదించలేదు. నాలుగేళ్లపాటు సంఘాల్లో చర్చకు పెట్టి, 1986 సెప్టెంబరులో, దేశమంతా అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, సెండింగ్‌కెర్క్ దాన్ని తన నాలుగో ఒప్పుకోలుగా స్వీకరించింది. అదే ఏడాది తెల్ల చర్చి సభ్యత్వం అన్ని రంగులకీ తెరిచింది. అది నచ్చనివాళ్లు మరుసటేడు విడిపోయి తెల్లవాళ్లకు మాత్రమే చర్చి పెట్టుకున్నారు. 1990 నవంబర్లో రస్టెన్‌బర్గ్ సమావేశంలో స్టెలెన్‌బాష్ వేదాంతి విల్లీ యోంకర్ లేచి తన తరఫునా తన చర్చి తరఫునా అపార్థైడ్ పాపాన్ని ఒప్పుకున్నాడు. డెస్మండ్ టుటు వెంటనే లేచి క్షమాపణను స్వీకరించాడు. మా అందరి తరఫున స్వీకరించడానికి ఆయనెవరని కొందరు నల్ల ప్రతినిధులు గొణిగారు. వాళ్లు గొణగడం న్యాయమే అనిపిస్తుంది నాకు. మాజీ అధ్యక్షుడు పి.డబ్ల్యు. బోతాకీ కోపమొచ్చింది, మరో కారణానికి. తెలుగులో ‘ఒప్పుకోలు’ అన్న ఒక్క మాటే విశ్వాసానికీ పాపానికీ రెంటికీ వాడతాం. బెల్హార్‌లో జరిగింది ఒకటి, రస్టెన్‌బర్గ్‌లో జరిగింది ఇంకొకటి. ఎనిమిదేళ్ల తేడా.

బెల్హార్ పత్రం తర్వాత చాలా దూరం ప్రయాణించింది. 2010లో అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి దాన్ని తన ఒప్పుకోళ్లలో చేర్చుకుంది. ఆ చర్చి మనకి కొత్తది కాదు. మదనపల్లెలో ఆసుపత్రీ బడులూ పెట్టిన ఆర్కాట్ మిషన్ దానిదే, తెలుగులో పాటలూ బైబిలు సవరణలూ చేసిన జేకబ్ చాంబర్లేన్ వాళ్ల మనిషే. లూథరన్ ప్రపంచ సమాఖ్య ఇంకా ముందే, 1977లోనే, దార్ ఎస్ సలాం సభలో అపార్థైడ్ విషయంలో విశ్వాసమే పణంగా ఉందని ప్రకటించింది. గుంటూరు కేంద్రంగా ఉన్న మన ఆంధ్ర లూథరన్ చర్చి ఆ సమాఖ్య సభ్యురాలే. జాతి విషయంలో ప్రపంచ సభల్లో చేయెత్తిన తెలుగు సంఘాలు కులం విషయంలో ఇంటి దగ్గర అలాంటి పత్రం ఎందుకు రాయలేదన్నది ఈ చరిత్ర చదివిన తెలుగువాడికి తప్పని ప్రశ్న. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి విశ్వాసులు అని మనం మామూలుగా మాట్లాడుకుంటాం. ఏ సినడూ అలా తీర్మానం చేయలేదు. చేయాల్సిన అవసరం రాలేదు. 1857లో వాళ్లు ‘బలహీనత’ అని ఒక వాక్యంగా రాసి పెట్టారు కాబట్టి దాన్ని పట్టుకుని దుర్బోధ అనగలిగారు. రాయనిదాన్ని ఎలా పట్టుకోవడం?

1994 ఏప్రిల్లో, మండేలాను గెలిపించిన ఎన్నికలకు రెండు వారాల ముందు, సెండింగ్‌కెర్క్, నల్ల ఆఫ్రికన్ల చర్చి కలిసిపోయాయి. కొత్త చర్చి పేరు ‘యునైటెడ్’ కాదు, ‘యునైటింగ్’ రిఫార్మ్‌డ్ చర్చి. ఐక్యమైన కాదు, ఐక్యమవుతున్న. తెల్ల చర్చి వచ్చి కలిసేదాకా ఆ క్రియ పూర్తికాదని వ్యాకరణంలోనే చెప్పుకున్నారు. కలయికకు వాళ్లు అడిగింది బెల్హార్‌ని స్వీకరించమని. తెల్ల చర్చి 1998లో అపార్థైడ్ పాపమని ఒప్పుకుని ప్రపంచ కూటమిలోకి తిరిగి వచ్చింది, కానీ బెల్హార్ దగ్గర ఆగింది. దేవుడు ప్రత్యేకంగా పేదల, అన్యాయానికి గురైనవాళ్ల దేవుడన్న వాక్యం చాలామందికి మింగుడుపడలేదు. దేవుడు అందరివాడు కదా అన్నారు. బూసాక్ పేరు దానికి అంటుకుని ఉండటం ఇంకొందరికి నచ్చలేదు. విమోచన వేదాంతమని, రాజకీయమని అన్నారు. ఒప్పుకోళ్లను మార్చడానికి ఆ చర్చి నిబంధనల ప్రకారం ప్రతి ప్రాంతీయ సినడులోనూ మూడింట రెండొంతుల మద్దతు కావాలి. 2015 నాటికి లెక్క తేలింది. రాలేదు.

ఆ ఏళ్లలో ఆ చర్చిలో నడిచిన చర్చలు చదివితే ఒక మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పత్రంలో ఉన్నదానికి మాకు అభ్యంతరం లేదు, కానీ మా సంఘాల్లో కొందరు ఇంకా సిద్ధంగా లేరు, బలవంతపెడితే వెళ్లిపోతారు, కొంచెం టైమివ్వాలి. రెండు చర్చిలూ ఇప్పటికీ రెండుగానే ఉన్నాయి.